రోమన్ల రాళ్ళు, సాక్సన్ల గోడ: ఎస్కమ్ చర్చి నమూనా డైరీ

ఫిబ్రవరి 8, శనివారం

ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్న పని ఈ రోజు మొదలుపెట్టాను. డైనింగ్ టేబుల్ మీద ప్లైవుడ్ ముక్క పరిచి, ఎస్కమ్ చర్చి ప్లాను పెన్సిలుతో గీశాను. స్కేలు 1:50. అంటే అసలు కట్టడంలో ఒక అడుగు నా నమూనాలో 6 మిల్లీమీటర్ల పైచిలుకు.

ఎస్కమ్ ఇంగ్లండ్ ఈశాన్యంలో, డరమ్ కౌంటీలో, వియర్ నది దగ్గరున్న చిన్న ఊరు. మేముండే డార్లింగ్టన్ నుంచి బిషప్ ఆక్లండ్ దాకా రైలు ఉంది, అక్కణ్ణుంచి ఊరు దగ్గరే. ఊరి నడిమధ్య ఉన్న పారిష్ చర్చి క్రీ.శ. 7వ శతాబ్దం చివర్లో కట్టిందని పండితుల అంచనా. రోమన్లు పోయాక ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ సాక్సన్ల కాలపు చర్చిలు ముక్కలుగా చాలా చోట్ల మిగిలాయి. ఎక్కడో ఒక గోడ, ఎక్కడో ఒక టవరు. ఇలా పునాది నుంచి గోడల పైదాకా దాదాపు పూర్తిగా నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఇది మ్యూజియం కాదు, ఇప్పటికీ ఆరాధన జరుగుతున్న చర్చి.

ఉన్నవి రెండే గదులు. జనం నిలబడే పొడుగాటి హాలుని నేవ్ అంటారు. తూర్పున బలిపీఠం ఉండే చిన్న గది చాన్సెల్. రెంటికీ మధ్య ఒక రాతి కమాను. నేవ్ లోపలి పొడవు 43 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 6 అంగుళాలు, అంటే సరిగ్గా మూడింతలు. చాన్సెల్ సుమారు పదికి పది. గోడ ఎత్తు 23 అడుగుల దాకా ఉంది.

కాగితం మీద అంకెలుగా చదివినప్పుడు ఏమీ అనిపించలేదు. బోర్డు మీద గీశాకే తెలిసింది. నా నమూనాలో నేవ్ లోపల 26.5 సెంటీమీటర్ల పొడవు, 8.8 వెడల్పు, 14 ఎత్తు. వెడల్పు కంటే ఎత్తు ఒకటిన్నర రెట్లు! అట్టముక్కలు నాలుగు నిలబెట్టి చూస్తే గదిలా లేదు, సందులా ఉంది.

రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. నాన్న పిడుగురాళ్ళలో నలభై ఏళ్ళు తాపీ పని చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు.

"ఇంత సన్నటి గదికి అంత ఎత్తెందుకు తల్లీ? చలిదేశం అంటివే, ఎత్తు తగ్గిస్తే వెచ్చగుంటది గదా."

మంచి ప్రశ్న. జవాబు కొంత ఈ ప్రాంతంలోని రెండు మఠాల్లో దొరుకుతుంది. బెనెడిక్ట్ బిస్కప్ అనే మఠాధిపతి 674లో మంక్‌వియర్‌మౌత్‌లో, ఆ తర్వాత జారోలో మఠాలు కట్టించాడు. జారో చర్చి ప్రతిష్ఠ 685 ఏప్రిల్ 23న జరిగిందని చెక్కిన రాయి ఇప్పటికీ ఆ చర్చిలోనే ఉంది. అప్పటిదాకా ఇక్కడివాళ్ళు ఎక్కువగా కట్టేది చెక్కతోనే. రోమన్ల పద్ధతిలో రాతి చర్చి కట్టడానికి బిస్కప్ గాల్ దేశం నుంచి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ నుంచి, మేస్త్రీలని పిలిపించాడని అదే మఠంలో పెరిగిన బీడ్ అనే సన్యాసి, ఆ కాలపు చరిత్రకారుడు, రాశాడు. ఆ రెండు చోట్లా ఇదే సన్నటి, ఎత్తైన రూపం. ఎస్కమ్ గురించి బీడ్ ఎక్కడా ప్రస్తావించలేదు. కానీ గోడలు ఆ కుటుంబానివే.

"బయటి ఊరి మేస్త్రీల దగ్గర నేర్చుకున్న పనన్నమాట," అన్నాడు నాన్న. అతనికి అది చాలా మామూలు విషయంలా అనిపించింది.

ఫిబ్రవరి 15, శనివారం

ఎస్కమ్ వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా బాబు. చర్చి తాళంచెవి ఎదురుగా ఉన్న ఒక ఇంటి బయట కొక్కేనికి వేలాడుతుంది. వచ్చినవాళ్ళు తీసుకుని, చూసి, మళ్ళీ అక్కడే తగిలించి పోవాలి. పదమూడు వందల ఏళ్ళ కట్టడం తాళంచెవిని మన చేతికి అలా నమ్మకంగా ఇచ్చేస్తారని ముందే తెలుసు. అయినా ఆ బరువు అరచేతిలో పడ్డప్పుడు ఒళ్ళు జలదరించింది.

సమాధులున్న ఆవరణ గుండ్రంగా ఉంటుంది. చుట్టూ 20వ శతాబ్దపు ఇళ్ళు, మధ్యలో పల్లంగా పచ్చిక, దానిలో ఈ చర్చి. బయటి నుంచి చూస్తే చాలా సాదా. శిల్పాలు లేవు, గోపురం లేదు, పడమటి గోడ కొప్పు మీద చిన్న గంటగూడు ఒకటి. నేను వెళ్ళింది గోడ కోసం కాబట్టి దాదాపు గంటన్నర గోడ దగ్గరే ఉన్నాను. టేపు, నోటుబుక్కు, ఫోను. ఉత్తరపు గోడని మీటరు మీటరుగా ఫొటోలు తీశాను.

ఈ రాళ్ళు సాక్సన్లు కొండ తవ్వి తెచ్చినవి కావు. సుమారు రెండు మైళ్ళ దూరంలో బించెస్టర్ అనే చోట రోమన్ల కోట ఉండేది, దాన్ని వాళ్ళు వినోవియా అనేవారు. యార్క్ నుంచి ఉత్తరానికి పోయే సైనిక రహదారి మీద, 1వ శతాబ్దంలో వేసిన కోట. 5వ శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో రోమన్ల పాలన పోయింది, కోట పాడుబడింది. దాని రాళ్ళే ఇక్కడికి వచ్చాయి. కొన్ని రాళ్ళ మీద ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా ఉంటాయి. అది రోమన్ రాతిపనివాళ్ళ ఉలి పని. వేలితో తడిమాను. గరుకు ఇంకా తగులుతోంది.

ఉత్తరపు గోడలో ఒక రాయి కోసం వెతుకుతుంటే బాబే ముందు కనిపెట్టాడు.

"అమ్మా, ఇక్కడ అక్షరాలున్నాయి. కానీ తలకిందులుగా ఉన్నాయి!"

దాని మీద చెక్కి ఉన్నది ఆరో లీజియన్ గుర్తు. క్రీ.శ. 122 ప్రాంతంలో బ్రిటన్ వచ్చి, యార్క్‌లో మకాం వేసిన రోమన్ సేన. వాళ్ళు తమ పనికి గుర్తుగా చెక్కుకున్న రాయిని, ఐదొందల ఏళ్ళ తర్వాత ఎవరో సాక్సన్ మేస్త్రీ తలకిందులుగా పేర్చాడు. అతనికి చదువు రాక అలా పెట్టాడని చాలామంది అనుకుంటారు. కావచ్చు. నేను ఆ రాయిని చాలాసేపు చూశాను. దాని సమతలమైన వైపు కిందికి వచ్చేలా పెట్టాడు, పక్క రాళ్ళతో వరస చక్కగా కుదిరింది. అతను రాయిని రాయిగా చదివాడని నాకనిపించింది.

మార్చి 1, శనివారం

రాళ్ళ తయారీ. గాజుపలక మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ 4 మిల్లీమీటర్ల మందాన పోసి, సగం పచ్చిగా ఉన్నప్పుడే కటర్‌తో గీతలు గీసి, ఆరాక విరవడం. మొదటి దఫా పిండిపిండి అయిపోయింది, నీళ్ళు ఎక్కువయ్యాయి. రెండో దఫా బాగా వచ్చింది. రంగుకి టీ డికాషన్, దాని మీద అక్కడక్కడ పసుపు, బూడిద రంగు వాటర్ కలర్. ఇక్కడి ఇసుకరాయి రంగుకి చాలా దగ్గరగా వచ్చింది.

ఉత్తరపు గోడ సగం కట్టాను. ఫోమ్ బోర్డు మీద తెల్ల జిగురు రాసి ఒక్కొక్క రాయి అంటించడం. మూడు వారాంతాల పని ఒక్క రోజులో సగం అయిందని సంబరపడి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పని నీట్‌గా ఉంది తల్లీ. కానీ ఇది రాతి గోడ కాదమ్మా, ఇటుక గోడ."

నిజమే. కోయడం తేలికని రాళ్ళన్నీ 12 బై 6 మిల్లీమీటర్ల సైజులో కోసేశాను. అన్నీ ఒకే ఎత్తు, అన్నీ ఒకే పొడవు. ఫొటో పక్కన పెట్టి చూస్తే అస్సలు పోలిక లేదు.

"పాత రాళ్ళతో కట్టేటప్పుడు మేస్త్రీ ముందు రాళ్ళు చూస్తాడు, తర్వాతే దారం కడతాడు. కొత్త రాయయితే నీ ఇష్టమొచ్చినట్టు కోసుకుంటావ్. పాత రాయి నీ మాట వినదు, దాని మాట నువ్వినాలి. ఎంత ఎత్తు రాళ్ళు ఎన్ని ఉన్నాయో ఏరి, కుప్పలు పెట్టుకుని, ఒక ఎత్తువన్నీ ఒక వరస."

కట్టిందంతా పీకేశాను. బాధేమీ అనిపించలేదు, ఎందుకంటే నాన్న చెప్పిన ఆ ఒక్క మాటతో ఫొటోల్లో గోడ వేరేగా కనబడటం మొదలైంది.

మార్చి 15, శనివారం

రెండు వారాలు రోజూ రాత్రి ఒక గంట. ఫొటోలు ప్రింటు తీసి, వాటి మీద వరసలు రంగు పెన్నుతో గుర్తుపెట్టాను. కింది వరసల్లో పెద్ద దిమ్మెలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. పెద్ద రాయిని ఎత్తుకి మోయడం కష్టం కాబట్టి కింద వాడేశారు, అంతవరకు సులభంగానే అర్థమవుతుంది. అయితే మూలల్లో మాత్రం పైదాకా పెద్ద రాళ్ళే, పొడుగు ముఖం ఒకసారి ఉత్తరానికి, ఒకసారి తూర్పుకి వచ్చేలా మార్చి మార్చి పెట్టారు. అంటే మూలల కోసం పెద్ద రాళ్ళు ముందే ఏరి పక్కన పెట్టుకున్నారు. గోడ ఎత్తు పెరుగుతుంటే చేతికందిన రాయి వాడేసి ఉంటే పైన మూలలకి మిగిలేవి కావు. ఎంత ముందుచూపు! కట్టడం మొదలుపెట్టే రోజుకే రాళ్ళ కుప్పలన్నీ మేస్త్రీ కళ్ళ ముందు ఉన్నాయని నాకు గట్టి నమ్మకం కలిగింది.

నేను కూడా అలాగే చేశాను. అగ్గిపెట్టెలు పదకొండు తీసుకుని, ఎత్తుని బట్టి రాళ్ళు వేరు చేశాను. మూలరాళ్ళకి ఒక డబ్బా. నాలుగు గోడలకీ, చాన్సెల్‌కీ కలిపి 1,400 రాళ్ళ దాకా అవుతాయని లెక్క. ఇప్పటికి 460 అయ్యాయి.

ఆరో లీజియన్ రాయి ఈ రోజే పెట్టాను. ప్లాస్టర్ ముక్క మీద గుండుసూదితో భూతద్దం కింద ఐదు అక్షరాలు. మూడో ముక్కకి కుదిరింది. తలకిందులుగా పెట్టే ముందు బాబుని పిలిచి వాడి చేతే పెట్టించాను.

మార్చి 23, ఆదివారం

జిగురులోని తేమకి పడమటి గోడ ఫోమ్ బోర్డు వంగింది. మధ్యలో 4 మిల్లీమీటర్లు. లోపలి వైపు కూడా కాగితం అంటించి, బరువు పెట్టి రెండు రోజులు వదిలేశాను. ఇప్పుడు సాపుగా ఉంది. ఇకపై ప్రతి బోర్డుకీ రెండు వైపులా ఒకేసారి కాగితం.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ రోజంతా కమానే. నేవ్‌కీ చాన్సెల్‌కీ మధ్యనున్న ఈ కమాను ఎస్కమ్‌కి ప్రాణం. వెడల్పు 5 అడుగుల పైన అంతే, ఎత్తు దానికి దాదాపు మూడింతలు. నేవ్‌లో నిలబడి తూర్పుకి చూస్తే పొడుగ్గా, నిటారుగా, ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉంటుంది. పైన అర్ధవృత్తంలో ఉన్న రాళ్ళు ఎంత కచ్చితంగా కోసి ఉంటాయంటే, అది రోమన్ల కట్టడంలోని కమానునే విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారని చాలామంది పండితుల నమ్మకం. కమాను వంపు కింది ముఖం మీద 12వ శతాబ్దపు రంగుల చిత్రం తాలూకు తునక ఇంకా మిగిలి ఉంది.

1:50లో జిగురుతో అంటించేస్తే పని అయిపోతుంది. కానీ జిగురు లేకుండా అది ఎలా నిలబడుతుందో నా చేత్తో చూడకుండా అంటించాలనిపించలేదు. అందుకే విడిగా ఒక పెద్దది, 1:10లో. ఇది అసలు దానికి నకలు కాదు, బరువు ఎటు పోతుందో చూసుకోవడానికి. అట్టతో అచ్చు చేసి పదకొండు కమాను రాళ్ళు ప్లాస్టర్‌తో పోశాను. ఒక్కొక్కటి కింద సన్నం, పైన వెడల్పు. పక్క స్తంభాలకి దిమ్మెలు. కింద సెంట్రింగ్‌కి అట్టతో అర్ధచంద్రం.

రాళ్ళన్నీ పేర్చి, నెమ్మదిగా సెంట్రింగ్ కిందికి జార్చాను. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత రెండు స్తంభాలూ చెరో పక్కకి ఒరిగి, మొత్తం టేబుల్ మీద కుప్పకూలింది. రెండు రాళ్ళు విరిగాయి.

నాన్నకి ఫోన్ చేశాను.

"కమాను కిందికే కాదు తల్లీ, పక్కలకి కూడా తోస్తది. పక్కన గోడేది?"

గోడ లేదు. నేను కమానుని ఒంటరిగా నిలబెట్టాను. విరిగినవి మళ్ళీ పోసి, ఆరాక, సాయంత్రం రెండోసారి. ఈసారి స్తంభాలకి రెండు పక్కలా లావుపాటి పుస్తకాలు ఆనించి పెట్టాను. సెంట్రింగ్ తీశాను. నిలబడింది! చిన్న బియ్యం సంచి తెచ్చి పైన పెట్టాను. పడుతుందేమోనని టెన్షన్. కానీ బరువు పడేసరికి రాళ్ళు ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. వేలితో కదిపినా కదల్లేదు. బాబు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు ప్లాను తీసి చూశాను. నేవ్ వెడల్పు పద్నాలుగున్నర అడుగులు, కమాను ఐదుంబావు. అంటే కమానుకి రెండు పక్కలా దాదాపు నాలుగున్నర అడుగుల చొప్పున గట్టి గోడ. దానికి మళ్ళీ నేవ్ పక్కగోడలు ఆనుకుని ఉన్నాయి. దారి ఇరుకుగా ఉండటం వాళ్ళ సంప్రదాయం కావచ్చు. కానీ ఆ ఇరుకు వల్లే తోపుడికి పక్కల్లో అంత గోడ దొరికింది.

ఇంకొకటి ఉంది. కమానుకి ఆధారమైన రెండు పక్క స్తంభాల్లో రాళ్ళు ఒక పద్ధతిలో ఉంటాయి. ఒక రాయి నిలువుగా, దాని మీద ఒకటి అడ్డంగా, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం. గోడ మందమంతా ఒకే రాయి, రెండు ముక్కలు కాదు. ఇలాంటి పనిని ఏ చర్చిలో చూసినా పురాతత్వవేత్తలు ఎస్కమ్ పద్ధతి అంటారు. ఆ వాడుక వల్ల ఈ చిన్న ఊరి పేరు వేరే ఊళ్ళ చర్చిల వర్ణనల్లోకి కూడా ఎక్కింది. నిలువు రాయి ఎత్తు తెస్తుంది, అడ్డ రాయి గోడలోకి చొరబడి స్తంభాన్ని గోడకి కట్టేస్తుంది. నాన్నకి ఫొటో పంపితే ఒక్క చూపులో చెప్పాడు: "అడ్డ రాయి తోక గోడలో ఉంది, ఇంకెక్కడికి పోద్ది!"

ఇక అసలు నమూనాలోని కమానుకి ధైర్యంగా జిగురు వాడాను.

ఏప్రిల్ 19, శనివారం

కిటికీలు. సాక్సన్ల కాలపువి ఐదు మిగిలాయి. ఉత్తరపు గోడలో రెండు, దక్షిణంలో రెండు, పడమటి గోడలో పైన ఒకటి. అన్నీ గోడలో చాలా ఎత్తున ఉంటాయి. దక్షిణం వైపువాటికి తల గుండ్రంగా, ఉత్తరం వైపువాటికి బల్లపరుపుగా ఉంటుంది. ఆ గుండ్రటి తల చిన్న కమాను కాదు, ఒకే రాయిని కింద వంపుగా తొలిచారు. అంత చిన్న కిటికీకి కమాను పేర్చడం కంటే అదే నయం.

బయటి నుంచి చూస్తే అవి కిటికీలు కావు, చీలికలు. లోపలికి పోయేకొద్దీ మాత్రం పక్కలు విచ్చుకుంటాయి. అసలు గోడ మందం రెండడుగుల పైన. నా నమూనాలో 14 మిల్లీమీటర్లు. ఆ మందంలో ఏటవాలుగా కోయడానికి చాలా ఓపిక పట్టింది, నాలుగు గంటల్లో రెండు కిటికీలు.

రాత్రి కర్టెన్లు వేసేసి, లైట్లు ఆర్పి, ఫోను టార్చి బయటి వైపు నుంచి పట్టుకున్నాను. తేడా తెలియడానికి పక్కన ఒక అట్టముక్కలో అదే సైజు బెజ్జం తిన్నగా కోసి పెట్టుకున్నాను. తిన్నటి బెజ్జం నుంచి ఎదురుగోడ మీద చిన్న వెలుతురు చుక్క పడింది, అంతే. ఏటవాలు కిటికీ నుంచి వచ్చిన వెలుగు ముందు ఆ ఏటవాలు పక్కల మీద పడి, అక్కణ్ణుంచి మెత్తగా గదిలోకి పరుచుకుంది. అట్టతో చేసిన నేవ్ నేల దాకా లేత వెలుతురు. చలిగాలి వచ్చే దారి సన్నం, వెలుగు పారే దారి వెడల్పు.

ఎస్కమ్ తవ్వకాల్లో సాక్సన్ల కాలపు గాజు ముక్కలు కూడా దొరికాయి. గాజు పని తెలిసినవాళ్ళు అప్పుడు బ్రిటన్‌లో లేరని, గాల్ నుంచే రప్పించారని మంక్‌వియర్‌మౌత్ గురించి రాస్తూ బీడ్ చెప్పాడు. ఇంత మారుమూల చర్చి కిటికీలో కూడా గాజు మెరిసి ఉంటుందంటే, కట్టించినవాళ్ళకి ఇది చిన్న పని కాదన్నమాట.

మే 5, సోమవారం, సెలవు

దక్షిణపు గోడ దగ్గర వారం రోజులు పని ఆగిపోయింది. కారణం, ఏ కాలపు గోడ కట్టాలో తేల్చుకోలేకపోవడం. ఉత్తరపు గోడ చాలావరకు సాక్సన్లదే, సమస్య రాలేదు. దక్షిణంలో అలా కాదు. 13వ శతాబ్దంలో ఒకసారి, 19వ శతాబ్దంలో మరోసారి వెలుతురు కోసం కొత్త కిటికీలు పెట్టారు. ముందు పోర్చి కూడా తర్వాత కట్టిందే. ఇవన్నీ తీసేసి 7వ శతాబ్దపు శుద్ధమైన రూపం చేయాలా, ఇప్పుడున్నట్టు చేయాలా?

మొదట తీసేద్దామనే అనుకున్నాను. మనసు మార్చింది 19వ శతాబ్దపు కథ. ఈ చర్చి చిన్నదైపోయిందని 1863లో ఊళ్ళో కొత్త చర్చి కట్టుకున్నారు. పాతదాన్ని వదిలేశారు, కప్పు పాడైపోయింది. ఆ తర్వాతి ఏళ్ళలో హూపెల్ అనే పాదిరి ఇది ఎంత పాతదో గుర్తుపట్టి లోకానికి చెప్పాడు. 1880కల్లా మరమ్మతు చేసి మళ్ళీ తెరిచారు. విచిత్రం ఏమిటంటే ఆ కొత్త చర్చినే 20వ శతాబ్దంలో కూల్చేశారు. ఊరికి మళ్ళీ పాత చర్చే దిక్కయింది.

అంతకుముందు సంగతులు ఆలోచించినా అంతే. 10వ శతాబ్దం చివర డరమ్ బిషప్ అల్‌డూన్ కాలపు రాతల్లో ఈ ఊరి పేరు కనిపిస్తుంది. 1183లో బిషప్ భూముల లెక్కలు రాసిన బోల్డన్ బుక్‌లోనూ ఎస్కమ్ రైతులు ఉన్నారు. వాళ్ళందరూ వాడుకున్న చర్చి ఇది. చీకటిగా ఉందని ఒక తరం కిటికీ పెట్టుకుంది, వాన పడుతోందని ఇంకో తరం పోర్చి కట్టుకుంది. వాడుతూ, మారుస్తూ వచ్చారు కాబట్టే నిలబడింది. ఆ కిటికీలు తీసేసే హక్కు నాకు లేదనిపించింది. ఇప్పుడున్నట్టే చేస్తాను.

పోయినవాటికి గుర్తు మాత్రం పెడతాను. పడమటి గోడ బయట ఒకప్పుడు ఇంకో గది ఉండేది, దాని కప్పు ఆనిన గీత గోడ మీద ఇప్పటికీ కనబడుతుంది. చాన్సెల్ ఉత్తరం వైపు మూసేసిన తలుపు ఒకటుంది, దాని వెనకా ఒక చిన్న గది ఉండేది. ఆ రెంటి పునాది గీతలని బోర్డు మీద సన్నటి గులకరాళ్ళతో పేర్చాను.

సాయంత్రం సూర్యగడియారం చెక్కాను. దక్షిణపు గోడలో పైన, పోర్చి కప్పుకి కూడా పైన ఉంటుంది. సగం చక్రం, మూడు గీతలు, పైన వంపు తిరిగిన పాము, ఒక జంతువు తల. గోడలో పెట్టిన చోటే ఉండిపోయిన సూర్యగడియారాల్లో బ్రిటన్‌లోకెల్లా పాతది ఇదేనని చెబుతారు. దాని గీతలు మన గంటలు కావు, ప్రార్థనల వేళలకి గుర్తులు. కింద పోర్చి మీద ఇంకొకటి ఉంది, చాలా తర్వాతి కాలపుది. 10 మిల్లీమీటర్ల ప్లాస్టర్ ముక్క మీద పాము వంపు రావడానికి సాయంత్రమంతా పట్టింది. తల సరిగా రాలేదు, మళ్ళీ చేస్తాను.

మే 18, ఆదివారం

గోడలన్నీ అయ్యాయి. చివరి లెక్క 1,438 రాళ్ళు. ఈ రోజు రాళ్ళ సందులు పూరించడం. నమూనాకి దేనితో పూరిస్తే ఏమిటి అనుకుని, ఇంట్లో ఉన్న రెడీమేడ్ ఫిల్లర్ కలుపుతుంటే నాన్న ఫోన్‌లోనే ఆపాడు.

"అసలు దాన్ని దేంతో కట్టారు? సున్నమా, సిమెంటా?"

సున్నమే. పోర్ట్‌లాండ్ సిమెంటు 1824 దాకా పుట్టనే లేదు.

"మరి నువ్వూ సున్నం వాడు. పిడుగురాళ్ళ బిడ్డవి, సున్నం లేకుండా గోడేంటి!"

నవ్వుతూనే చెప్పినా, విషయం నవ్వులాటది కాదు. ఇక్కడ పాత చర్చిల మరమ్మతులు చేసేవాళ్ళు కూడా ఇదే మాట పట్టుకుని ఉంటారు. సున్నం మెత్తన, గోడలో చేరిన తడి ఆ సందుల్లోంచి బయటికి పోతుంది. సిమెంటు గట్టిది, తడిని పోనివ్వదు. అప్పుడు తడి రాయిలోంచి దారి వెతుక్కుంటుంది. చలికాలంలో ఆ నీళ్ళు గడ్డకట్టి రాయి ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. పాతికేళ్ళకో యాభయ్యేళ్ళకో సందులో సున్నం మార్చుకోవచ్చు, రోమన్లు చెక్కిన రాయిని మార్చలేం కదా. నాన్న మాటల్లో చెప్పాలంటే, అరిగేది సున్నం అవ్వాలి గానీ రాయి కాకూడదు.

పాత కట్టడాలకి వాడే సున్నం చిన్న డబ్బా తెప్పించాను. సన్నటి ఇసుక జల్లించి కలిపి, పళ్ళు కుట్టుకునే పుల్లతో సందుల్లోకి నింపి, సగం ఆరాక పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పచ్చి సున్నం ఒంటిని కాలుస్తుంది. ఒక గోడ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడు. ఆరుతున్న సున్నం వాసనకి చిన్నప్పుడు నాన్న పనిలోంచి ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేసేటప్పటి వాసన గుర్తొచ్చింది. బాబుకి చెబితే వాడు నమూనా దగ్గరికి ముక్కు పెట్టి వాసన చూశాడు.

మిగిలిన పనులు: కప్పు, పైకి ఎత్తి లోపల చూసేలా ఉండాలి. నేవ్ నేల, కొంత భాగం గులకరాళ్ళతో పరిచినది. చాన్సెల్‌లో బలిపీఠం వెనకున్న రాతి సిలువ. సూర్యగడియారం మీద జంతువు తల. బోర్డు సరిపోదు కాబట్టి గుండ్రటి ఆవరణ గోడలో ఒక పాయ మాత్రమే.

అమ్మానాన్నలకి వీసా వచ్చింది, జులైలో వస్తున్నారు. ఎస్కమ్ తీసుకెళ్తానని చెప్పాను. అక్కడ గోడ ముట్టుకోనిస్తారా అని మాత్రం అడిగాడు నాన్న. ముట్టుకోవచ్చని చెప్పాను.

"అయితే పడమటి గోడ పైవరసలో మూలరాళ్ళు రెండు పీకి పక్కన పెట్టు తల్లీ. నేనొచ్చి పెడతా."

జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. రాత్రే రెండూ తీసి మూలరాళ్ళ డబ్బాలో వేశాను.